మాస్టారు టైపు చేసిన పదకొండో అధ్యాయం

మాస్టారు పోయారన్న కబురు నాకు వార్డులో మందుల ట్రాలీ దగ్గర నిలబడి ఉండగా అందింది. ఉదయం పది గంటల మందులు ఇస్తున్నాను. జేబులో ఫోను రెండుసార్లు అదిరింది. డ్యూటీలో ఫోను చూడకూడదు. ఏడో మంచం మీది ముసలాయనకి మాత్రలు మింగించి, దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసి చూశాను. తెనాలి నుంచి మాస్టారి అమ్మాయి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "నాన్నగారు ఈ తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు అక్కా. మీకు తప్పకుండా చెప్పమని ముందే చెప్పి ఉంచారు."

ఆ రెండో వాక్యం చదివాక కాసేపు బయటికి రాలేకపోయాను. తర్వాత ముఖం కడుక్కుని మిగిలిన తొమ్మిది మంచాలకీ మందులిచ్చాను.

ఆయన మీకెవరికీ తెలియరు. రియాద్‌లో మా ఆసుపత్రిలో టైపిస్టుగా పనిచేసి, చూపు తగ్గిందన్న కారణం మీద వెనక్కి పంపించబడ్డ ఒక తెనాలి మనిషి. ఆయన మంచితనం చెప్పుకోవడానికే ఇది రాస్తున్నానని అంటే అది పూర్తి నిజం కాదు. ఆయన బతికుండగా నా అంతట నేను ఒక్కసారే, ఒక్కరికే ఒప్పుకున్న విషయం ఒకటి ఉంది. అది చెప్పకుండా ఆయన గురించి మంచిమాటలు మాత్రం రాస్తే ఆయనే నా కాగితం వెనక్కి ఇచ్చేసేవారు.

గల్ఫ్‌కి రాకముందు ఆయనకి తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయరు, హయ్యరు పరీక్షలకి పిల్లల్ని తయారుచేసేవారు. షార్ట్‌హ్యాండు కూడా చెప్పేవారు. ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చాక మిషన్ల మీద దుమ్ము పేరుకుంది. యాభయ్యో ఏట ఇన్‌స్టిట్యూట్ మూసేసి, రియాద్ వచ్చి, డాక్టర్లు టేపుల్లో చెప్పిన రిపోర్టుల్ని విని టైపు చేసే పనిలో చేరారు. ఈజిప్టు డాక్టరు మింగేసే మాటల్నీ, పాకిస్తానీ సర్జను పరుగుల్నీ ఆయన ఒక్కరే తప్పు లేకుండా పట్టుకోగలరని పేరు.

కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు. మణికట్ల కింద మడత పెట్టిన చేతిరుమాలు ఉండాలి. పదకొండు గంటలకి పాలు లేని టీ, రెండు ఉనైజా ఖర్జూరాలు. మా నర్సుల నోట్సులో తప్పులుంటే పిలిచి, ఎవరికీ వినపడకుండా చెప్పేవారు. నేను ఒకసారి డయేరియాకి స్పెల్లింగు తప్పు రాస్తే, "ఒక అక్షరం తగ్గిందమ్మా. తగ్గాల్సింది పేషెంటుకి, స్పెల్లింగుకి కాదు" అన్నారు. ఆసుపత్రిలో ఉన్న తెలుగువాళ్ళమే కాదు, మలయాళీ సిస్టర్లు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు కూడా ఆయన్ని 'మాస్టార్' అనే పిలిచేవాళ్ళు. అది ఆయన పేరనే చాలామంది అనుకునేవాళ్ళు.

ఇరాక్ యుద్ధం మొదలైన ఏడాది నాకు ఆయన దగ్గర కూర్చునే అవకాశం వచ్చింది. అవకాశం అనకూడదేమో. బరువైన పేషెంటుని మంచం దించుతుండగా ఆ పేషెంటు నా మీద పడి, నా ఎడమ మణికట్టు విరిగింది. పిండికట్టు వేసి నన్ను నర్సింగ్ ఆఫీసులో తేలికపాటి పనికి కూర్చోబెట్టారు. చెయ్యి బాగుపడితే వార్డు, లేకపోతే ఫైనల్ ఎగ్జిట్, అంటే పాస్‌పోర్టు చేతికిచ్చి ఇంటికి పంపడం. నరసాపురంలో మా నాన్నకి డయాలసిస్ మొదలై అప్పటికి నాలుగు నెలలు. నేను వెనక్కి వెళ్తే ఆ వైద్యం ఆగిపోతుంది. నా రిపోర్టు మీద చివరి సంతకం నర్సింగ్ డైరెక్టరుది.

ఆ డైరెక్టరు ఆస్ట్రేలియా ఆవిడ. అరవైకి దగ్గర్లో ఉండేది. పొట్టి తెల్లజుట్టు, నడకలో తొందర. మేము పెద్దమేడమ్ అనేవాళ్ళం. వరసగా రెండు షిఫ్టులు చేయించే పద్ధతిని మాన్పించింది ఆవిడే. సెలవు మంజూరయ్యాక మా పాస్‌పోర్టులు ఇవ్వకుండా తిప్పించుకునే గుమాస్తా బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, అన్నీ ఇచ్చేదాకా లేవకపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ ఏడాది రియాద్‌లో తెల్లవాళ్ళుండే కాంపౌండ్ల మీద దాడులు జరిగి, చాలామంది సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఆవిడ ఉండిపోయింది. అయితే ఏదో భయం పట్టుకున్నట్టుంది, ఎన్నో ఏళ్ళుగా చేత్తో రాసుకుంటున్న పుస్తకాన్ని వెంటనే టైపు చేయించాలనుకుంది.

అది వాళ్ళ తాతగారి జీవితచరిత్ర. ఆస్ట్రేలియాలో విడివిడిగా ఉన్న రాష్ట్రాలన్నీ కలిసి ఒక దేశమయ్యాక ఏర్పడిన మొట్టమొదటి పార్లమెంటులో ఆయన సభ్యుడు.

మాస్టారు ఒప్పుకున్నారు. నాలుగు గంటలకి డ్యూటీ అయ్యాక ఆరు గంటల స్టాఫు బస్సు దాకా ఆ పని. డైరెక్టరు గదికీ మేము కూర్చునే గదికీ మధ్య సగం అద్దం, సగం చెక్క. మొదటి రోజే మాస్టారు నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, నువ్వు చదువుతావా, నేను కొడతాను?"

"మీరే చూసి కొట్టుకోవచ్చు కదండీ. నా ఇంగ్లీషు అంతంత మాత్రం."

"డాక్టర్ల టేపులంటే చెవి పని. ఇది కంటి పని." తలుపు వైపు ఒకసారి చూసి అన్నారు. "చత్వారం కాదమ్మా. లోపల నరం దెబ్బతింటుందన్నారు. బత్తా బజారులో కళ్ళ డాక్టరు చెప్పాడు. ఎవరితో అనబాక."

ఆయన చిన్నమ్మాయి అప్పుడు బీఎడ్ చదువుతోంది. కాంట్రాక్టు రెన్యూవల్‌కి ఇంకా ఐదు నెలలు. కళ్ళ సంగతి తెలిస్తే రెన్యూవల్ ఉండదు. సరేనన్నాను.

అలా సుమారు మూడు నెలలు నేను చదివాను, ఆయన టైపు చేశారు. నేను తొందరపడి చదివేస్తుంటే ఆపేవారు. "డిక్టేషన్ ఇచ్చేవాళ్ళు కాగితం వంక కాదమ్మా, రాసేవాడి చేతివంక చూడాలి. వాడి చెయ్యి ఎక్కడుంటే నీ నోరు అక్కడుండాలి. వాడు వెనకబడ్డాడంటే తప్పు నీది." ముప్పయ్యేళ్ళు పిల్లలకి అలాగే చెప్పానని అనేవారు. పరీక్ష తప్పిన పిల్లల పేర్లు ఆయనకి అన్నీ గుర్తే, నెగ్గినవాళ్ళవి గుర్తులేవు.

డైరెక్టరు తాతగారిని మాస్టారు 'మెంబరు గారు' అనేవారు. మెంబరు గారు ఇంగ్లండులో తగరం గనులున్న పల్లెలో పుట్టాడు. నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఓడెక్కి ఆస్ట్రేలియా బంగారు గనుల ప్రాంతానికి వచ్చాడు. ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి గనిలో కప్పు కూలి చచ్చిపోయాడు. గని యజమానులు తల్లికి ఒక వారం జీతమిచ్చి, ఉంటున్న ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. పదో ఏట ఆయన గనిలోకి దిగాడు. బడి లేదు. చదువొచ్చిన ఒక పాత గనికూలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక, ఆదివారాలు పేపరు గట్టిగా చదివి చదువు రానివాళ్ళకి వినిపించేవాడు. అలా చదివి వినిపించే కుర్రాడే యూనియన్ కార్యదర్శి అయ్యాడు. ఒక పెద్ద సమ్మె ఓడిపోయాక ఆ చుట్టుపక్కల ఏ గనిలోనూ పని ఇవ్వకుండా ఆయన పేరు నల్లజాబితాలో పెట్టారు. మూడేళ్ళు కంచెలు కట్టి బతికాడు.

ఆ అధ్యాయాల్లో ఒక పేజీ మాస్టారికి చాలా ఇష్టం. చిన్నప్పుడు మెంబరు గారి కాలికి మేకు దిగితే, మూట భుజాన వేసుకుని సూదులూ దారాలూ గుడ్డలూ అమ్ముతూ తిరిగే ఒక ఇండియన్, తన తలపాగా చింపి కట్టు కట్టి, రెండు మైళ్ళు ఎత్తుకుని ఇంటికి తెచ్చాడట. ఆ సంగతి డైరెక్టరు వాళ్ళ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారట. మాస్టారు ఆ పేజీ టైపు చేసి, ప్రింటు తీసి, నాకు ఇచ్చారు. "పంజాబీ అయ్యుంటాడు. ఎవరైతేనేం, మనవాడే."

తర్వాత మెంబరు గారు శాసనసభకి, అక్కణ్ణించి కొత్త పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. పార్లమెంటు అప్పట్లో మెల్‌బోర్న్‌లో జరిగేది. రెండు రోజులు రైల్లో వెళ్ళి, ఒక వితంతువు నడిపే చవక లాడ్జిలో దిగేవాడు. ఎనిమిది గంటల పని, గనుల్లో చచ్చిపోయినవాళ్ళ కుటుంబాలకి పరిహారం, ముసలివాళ్ళకి పింఛను, వీటి మీదే మాట్లాడేవాడు. మొదటిసారి లేచి నిలబడినప్పుడు తన ఉచ్చారణ విని ఎదుటి వరసల్లో నవ్వారట. తన తండ్రి మీద పడ్డ రాళ్ళు ఎన్ని టన్నులో చెప్పి, నవ్వినవాళ్ళు ఊరుకునేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడట. మాస్టారు అక్కడ టైపు ఆపి, "మళ్ళీ చదువమ్మా" అన్నారు. మళ్ళీ చదివాను. మర్నాడు క్యాంటీన్లో వంటవాళ్ళకి, డ్రైవర్లకి ఆయన హిందీలో ఆ కథ చెబుతుంటే విన్నాను. బంగ్లాదేశ్ క్లీనర్లు పళ్ళేలు పట్టుకుని నిలబడిపోయారు.

పదో అధ్యాయం ఎన్నికతో అయిపోయింది. పన్నెండో అధ్యాయం పింఛను చట్టంతో మొదలైంది. పదకొండు లేదు. నంబరు తప్పు పడిందనుకున్నాను. మాస్టారు వెళ్ళి డైరెక్టరుని అడిగితే, "ఆ కాలం గురించి కాగితాలు పెట్టెలో ఉన్నాయి, చూడాలి. చూసి పనికొచ్చేవి మీరే తియ్యండి" అని ఒక అట్టపెట్టె ఇచ్చింది. పార్లమెంటు చర్చల పాత పుస్తకాలకి జిరాక్సులు. చీమల్లాంటి అక్షరాలు. మెంబరు గారి పేరున్న చోటల్లా ఎవరో పెన్సిలుతో గీత గీశారు.

నేను చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు చదువు ఎలాంటిదంటే నోరు ముందు పోతుంది, అర్థం వెనక వస్తుంది. ఒక పేజీ అయ్యాక గాని నేనేం చదువుతున్నానో నాకు తెలియలేదు. అప్పటికి మాస్టారి వేళ్ళు నెమ్మదించాయి. కాని ఆగలేదు.

తెల్లవాళ్ళు కానివాళ్ళని ఆస్ట్రేలియాలోకి రానివ్వకుండా చేసే చట్టం మీద చర్చ అది. ఎవరైనా ఓడ దిగితే అధికారి యూరప్ భాష ఏదో ఒకదాంట్లో యాభై మాటల డిక్టేషన్ ఇస్తాడు. తప్పు లేకుండా రాస్తేనే లోపలికి. ఇంగ్లీషు వచ్చినవాడికి జర్మన్‌లో ఇవ్వొచ్చు. అది కూడా వస్తే ఇంకో భాషలో. మెంబరు గారు లేచి, ఈ డొంకతిరుగుడు ఎందుకు, రంగు చూసి గుమ్మంలోనే ఆపేద్దాం, ఆ మాటే చట్టంలో రాద్దాం అన్నాడు. చైనావాళ్ళు, ఇండియన్లు, పసిఫిక్ దీవులవాళ్ళు తక్కువ కూలికి వచ్చి మా కూలివాడి నోటికాడ కూడు లాక్కుంటారన్నాడు. మూటలు మోసుకుని ఇంటింటికీ తిరిగే ఇండియన్లు ఒంటరి ఆడవాళ్ళని బెదిరిస్తారని, వాళ్ళని చీడ అన్నాడు. ఆ మాటల్ని ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు దించను. ఆయన కోరిన సవరణ ఓడిపోయింది. చట్టం మాత్రం నెగ్గింది. దానికీ ఆయన చెయ్యెత్తాడు.

నేను ఆపేశాను. మాస్టారు ఆఖరి వాక్యం పూర్తిచేసి, చేతులు రుమాలు మీద పెట్టుకున్నారు.

"డిక్టేషన్ ఇచ్చి ఫెయిల్ చెయ్యడమా?" అన్నారు. రంగు మాట కాదు, చీడ అన్న మాట కాదు, ముందు అది వచ్చింది ఆయన నోటికి. "పాసవ్వకూడదని డిక్టేషన్ ఇస్తారా ఎవరైనా?"

మర్నాడు ఆ ఉపన్యాసం మొత్తాన్ని, చట్టం వివరాలతో సహా, పదకొండో అధ్యాయంగా సర్ది ఫ్లాపీలో ఎక్కించారు.

"మాస్టారండీ, వద్దండీ. ఆయన పోయి డెబ్బయ్యేళ్ళండీ. ఇప్పుడెందుకండీ?"

"పుస్తకం ఇప్పుడొస్తుంది కదమ్మా."

"ఆవిడ మనకి ఎంత చేసిందండీ. ఆవిడ తాతని ఆవిడ కళ్ళముందే..."

"మంచోడేనమ్మా ఆయన. చెడ్డోడైతే నాకేం బాధ? తండ్రి మీద రాళ్ళు పడ్డ కథ నేను ఏడుస్తా కొట్టాను. ఇది ఒదిలేస్తే అది కూడా అబద్ధమైపోద్ది."

అప్పుడు అసలు మాట అన్నాను. "నా రిపోర్టు ఈ నెలాఖరుకండీ. సంతకం ఆవిడే పెట్టాలి."

ఆయన నా పిండికట్టు వంక చూశారు. చాలాసేపు చూశారు. "నీ పేరు రానియ్యను. నేనే చూసి కొట్టానని చెప్తాను" అన్నారు.

డైరెక్టరు గదిలోకి ఆయన వెళ్ళినప్పుడు సాయంత్రం ఐదు అయి ఉంటుంది. తలుపు ఓరగా ఉంది. నేను అద్దానికి ఇవతల డ్యూటీ చార్టు ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి మాటా వినపడింది. ఆయన ఇంగ్లీషు ఎప్పుడూ పరీక్ష పేపరులా ఉండేది, ఎక్కడా తొట్రుపడదు. పెట్టెలో దొరికింది, పుస్తకంలో ఉండవలసిన విషయం, టైపు చేశాను, ఉంచాలో వద్దో మీ ఇష్టం, కాని ఒక్కసారి చదవమని అడుగుతున్నాను అన్నారు.

ఆవిడ చదివింది. చదువుతుంటే మెడ మీదికి ఎరుపు పాకడం అద్దంలోంచి కనపడింది.

"దీన్ని ఎవరు తీశారు?"

"నేనే మేడమ్."

"ఆ జిరాక్సుల్లోంచి? మీరే చదివారా?"

"అవును మేడమ్."

ఆవిడ పెట్టెలోంచి ఒక కాగితం లాగి ఆయన చేతికిచ్చింది. పెన్నుతో ఒక చోట చూపించింది. "ఇక్కణ్ణించి చదవండి."

మాస్టారు కాగితాన్ని పట్టుకున్నారు. దూరం పెట్టి చూశారు, దగ్గరికి తెచ్చి చూశారు. తర్వాత తల ఎత్తి, తడబడకుండా నాలుగు వాక్యాలు చెప్పారు. ఆయన టైపు చేసినవే, మెంబరు గారివే, అక్షరం పొల్లుపోలేదు. కాని ఆవిడ చూపించిన చోట ఉన్నవి అవి కావని ఆవిడ ముఖంలోనే తెలిసింది.

ఆవిడకి అర్థమైంది. ఆయనకీ అర్థమైంది. నాకూ.

నేను లేచి నాలుగడుగులు వేస్తే ఆ గదిలో ఉంటాను. "చదివింది నేను మేడమ్, ఆయన కాదు" అంటే చాలు. ఆయన అబద్ధం నాకోసమని తెలిసేది. కుర్చీ వెనక్కి జరిపాను కూడా. మళ్ళీ కూర్చున్నాను. నాన్న గుర్తొచ్చాడని మీకు చెప్పొచ్చు. నిజంగా ఆ క్షణంలో నాన్న గుర్తు రాలేదు. భయం వేసింది, అంతే.

ఆయన బయటికొచ్చి, బల్లమీద రుమాలు తీసి జేబులో పెట్టుకుని, "బస్సు టైమైందమ్మా" అన్నారు.

పుస్తకం పని ఆగిపోయింది. పది రోజులకి మాస్టారికి కళ్ళ పరీక్ష చేయించుకోమని కాగితం వచ్చింది. నెలాఖరుకి నా రిపోర్టు మీద సంతకం పడింది, నేను వార్డుకి వెళ్ళాను. మరో నెలన్నరకి ఆయన కాంట్రాక్టు అయిపోయింది, రెన్యూ కాలేదు. వెళ్ళే ముందు రోజు వార్డుకొచ్చారు. నేను బీపీ చూస్తున్నాను. అయ్యేదాకా గోడవార నిలబడ్డారు. పాప బీఎడ్ ఎలా అవుతుందండీ అని అడిగాను. ఎలాగో అవుతుందన్నారు.

"చెయ్యి జాగర్తమ్మా. బరువులు ఒక్కదానివే ఎత్తబాక."

నేను తలూపాను. అదీ మా వీడ్కోలు.

రెండేళ్ళ తర్వాత పెద్దమేడమ్ రిటైరై వెళ్ళిపోతూ నన్ను పిలిపించింది. గదిలో గోడలన్నీ ఖాళీ. స్పైరల్ బైండింగు చేసిన పుస్తకం ఒకటి నా ముందు పెట్టింది. పదకొండో అధ్యాయం తెరిచి చూపించింది.

"ఆయన టైపు చేసినట్టే ఉంచాను. ఒక్క కామా కూడా మార్చలేదు."

నేను ఆ పేజీ తిప్పి చూశాను.

"ఆయన కళ్ళ గురించి కాగితం పంపింది నేను కాదనుకుంటున్నావా? నేనే. రూలు ప్రకారం పంపాలి. రూలు ప్రకారమే పంపానని రెండేళ్ళు అనుకున్నాను." కిటికీ వైపు తిరిగింది. "ఆ రోజు ఆయన చేతికి కాగితమిచ్చి చదవమన్నాను."

మళ్ళీ నా వైపు తిరిగింది. "చదివింది నువ్వు కదా?" అంది.

"అవును మేడమ్."

"అద్దంలోంచి చూశాను. నువ్వు లేచి మళ్ళీ కూర్చున్నావు. నేనూ నిన్ను పిలవలేదు." పుస్తకం నా చేతుల్లో పెట్టింది. "ఆయనకి ఇవ్వు. ఉత్తరం రాయడం నా వల్ల కాలేదు."

మొదటి పేజీలో నాలుగు వాక్యాలున్నాయి. ఈ పుస్తకంలో నేను రాయకూడదనుకున్న అధ్యాయం ఒకటుంది. అది ఉండాలని పట్టుబట్టిన మనిషి పేరు ఇక్కడ వెయ్యడానికి ఆయన అనుమతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మా తాతని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. ఆ ప్రేమ ఇదివరకటంత తేలికగా లేదు. ఇదీ దాని సారం.

ఆ ఏడాది సెలవులో నరసాపురం నుంచి తెనాలి వెళ్ళాను. మాస్టారికి అప్పటికి వెలుతురూ చీకటీ తేడా తెలిసేది, అంతే. అమ్మాయి బీఎడ్ పూర్తిచేసి ప్రైవేటు స్కూల్లో చెబుతోంది. ఆయన వీధి పిల్లలకి నోటితో ఇంగ్లీషు గ్రామరు చెబుతున్నారు. మాటమాటకీ అండీ అనే నా గొంతు వినగానే "అండీల అమ్మాయి వచ్చింది" అని లేచి నిలబడ్డారు.

మధ్యాహ్నమంతా ఆ పుస్తకం చదివి వినిపించాను. పన్నెండో అధ్యాయానికి వచ్చాక ఆయన ఆపి, ఆ పింఛను ఆసియావాళ్ళకి కూడా ఇచ్చారా అని అడిగారు. చూసి చెప్పాను, ఇవ్వలేదండీ అని. "అయితే ఆ కట్టు కట్టిన మూటాయన ముసలాడయ్యాక ఏం తిన్నాడో" అన్నారు. మెంబరు గారు చివరి ఎన్నికలో కొద్ది ఓట్లతో ఓడిపోవడం, గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని దగ్గుతో మంచం పట్టడం, అంతిమయాత్రకి మూడు గనులు ఆ పూట మూసేసి కూలీలంతా నడవడం, అన్నీ విన్నారు. ఆ నడిచే చోట ఆయన కళ్ళు తుడుచుకున్నారు. పదకొండో అధ్యాయం విన్న తర్వాత కూడా.

పుస్తకం ఇంకో రెండు పేజీలుందనగా ధైర్యం చేశాను.

"మాస్టారండీ, ఆ రోజు నేను లోపలికి రావాల్సిందండీ."

ఆయన వెంటనే పర్లేదనలేదు. అంటారనుకున్నాను, అనాలని నేను ఎంత కోరుకున్నానో అప్పుడు తెలిసింది.

"రావాల్సిందే" అన్నారు.

లోపల కుక్కరు కూత వేసింది. ఆయన దాని కూతలు లెక్కపెడుతున్నట్టు ఊరుకుని, మళ్ళీ అన్నారు. "వస్తే నిన్ను కూడా పంపించేవాళ్ళేమో. మీ నాన్న ఏమయ్యేవాడో. నాకు తెలీదమ్మా. కానీ రావాల్సిందే." తర్వాత చెయ్యి చాపి నా మోచేతిని తట్టారు. "మిగతా రెండు పేజీలు చదువు."

చదివాను. ఈసారి ఆయన ముఖం వంక చూస్తూ, ఆయన ఎంతవరకు వచ్చారో అంతవరకే చదివాను.

ఇంతకాలం నర్సు పని చేశాను, మాటల్తో నొప్పి తగ్గించడం నేర్చుకున్నాను. పర్లేదు, ఏం కాదు, తగ్గిపోతుంది అని రోజుకి వందసార్లు అంటాను. నా జీవితంలో నాతో నిజంగా తీర్పులాంటి మాట అన్నది ఆయన ఒక్కరే, అని నన్ను తరిమెయ్యనిదీ ఆయనే. ఆ తర్వాత వార్డులో ఎవరిమీదైనా అన్యాయంగా నింద పడుతుంటే లేచి నిలబడ్డానా అంటే, కొన్నిసార్లు నిలబడ్డాను. కొన్నిసార్లు లేదు.

సాయంత్రం రైలుకి బయల్దేరాను. అమ్మాయి ఆటో పిలిచింది. వద్దంటున్నా వినకుండా మాస్టారు గోడ పట్టుకుని సందు మొదటిదాకా వచ్చారు. నేను ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు చిల్లర కోసం పక్క కొట్లోకి వెళ్ళాడు. అంతలో ఇంకో ఆటో మా పక్కనుంచి మలుపు తిరిగి స్టేషను వైపు సాగింది. మాస్టారు అదే నాదనుకున్నారు. చెయ్యెత్తి, దాని చప్పుడు ఎటు పోతే అటు ముఖం తిప్పుతూ ఊపడం మొదలుపెట్టారు. నేను ఆయనకి మూడు గజాల దూరంలో, ఆగి ఉన్న ఆటోలో, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆ చప్పుడు రోడ్డు చివర సన్నబడి, మార్కెట్టు గోలలో కలిసిపోయేదాకా ఆయన నిండుగా నవ్వుతూ, భుజం నొప్పి పుట్టేటంత పైకి చెయ్యెత్తి ఊపుతూనే ఉన్నారు.